టోర్నమెంటులో ఫ్లష్ డ్రా: బహుమతుల గీత దగ్గర ఆల్‌ఇన్ చేయాలా, ఫోల్డ్ చేయాలా?

కృష్ణలంక (చర్చ ప్రారంభించినవారు):
2020 నాటి చట్ట సవరణతో మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పోకరుకు దారి మూసుకుపోయింది. 2025లో కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కాబట్టి ఆసక్తి ఉన్నవారు అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవా వెళ్తున్నారు. అలా వెళ్లిన మా బెజవాడ మిత్రుడొకరు ఒక నో-లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలుండే పోకరు) టోర్నమెంటులో ఆడిన చేతి గురించి మా బృందంలో తగవు ఇంకా తెగలేదు.

అప్పటికి 38 మంది మిగిలారు, బహుమతులు 36 మందికి (ఈ హద్దునే గీత అంటున్నాం). బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టే స్మాల్, బిగ్ పందేలు) 2,000, 4,000. బిగ్ బ్లైండ్ కట్టే యాంటీ (బల్ల మీద వేసే అదనపు చందా) మరో 4,000. బటన్ (ఫ్లాపు నుంచి అందరికన్నా ఆఖరున ఆడే స్థానం) మీద 1,60,000 చిప్పులున్న ఆటగాడు 9,000కు పెంచాడు. స్మాల్ బ్లైండ్ తప్పుకున్నాడు. బిగ్ బ్లైండులో ఉన్న మా మిత్రుడు ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిదితో కాల్ చేశాడు (ఆ పందేనికి సమానంగా పెట్టాడు). పాట్ (బల్ల మీది మొత్తం) 24,000 అయింది, అతని ముందు సరిగ్గా 60,000 మిగిలాయి. ఫ్లాపులో (మొదటి మూడు ఉమ్మడి ముక్కల్లో) ఇస్పేటు రాజు, ఇస్పేటు నాలుగు, డైమన్ రెండు పడ్డాయి. అంటే మరో ఇస్పేటు పడితే ఫ్లష్ (ఒకే రంగు ఐదు ముక్కలు) అవుతుంది, ఇదే ఫ్లష్ డ్రా. మిత్రుడు చెక్ చేశాడు (పందెం వేయకుండా వదిలాడు), బటన్ 12,000 వేశాడు, ఇతను కాల్ చేశాడు. టర్నులో (నాలుగో ఉమ్మడి ముక్కగా) కళావరు ఏడు వచ్చింది. ఈసారి బటన్ 30,000 వేయడంతో మిత్రుడు ముక్కలు పారేశాడు. ఇతర టేబుళ్ల మీద ఐదు బిగ్ బ్లైండ్లకన్నా తక్కువ చిప్పులతో ఉన్నవారు ముగ్గురు ఉన్నారన్నది అతనికి తెలుసు. ఫ్లాపులో ఏం చేసి ఉండవలసింది?

బ్రాడీపేట నాలుగో లైను:
టర్నులో పారేయడం గురించి వాదన అక్కరలేదు. 30,000 పెట్టి 78,000 గెలవాలంటే సుమారు 28 శాతం అవకాశం కావాలి, కనబడని 46 ముక్కల్లో ఇస్పేట్లు తొమ్మిదే కనుక ఉన్నది 19.6 శాతం. అసలు తప్పు అంతకు ముందే జరిగింది. ఫ్లాపులో 12,000 పెట్టి 36,000 గెలవడానికి 25 శాతం కావాలి. చాలామంది ఇక్కడ "ఫ్లష్ డ్రాకు 35 శాతం ఉంది కదా" అంటారు. ఆ 35 శాతం టర్ను, రివరు (ఐదో ముక్క) రెండూ చూస్తేనే వర్తిస్తుంది. ఒక్క ముక్కకు కొనుక్కున్నది 47లో తొమ్మిది, అంటే 19 శాతం. ఆ లోటు పూడాలంటే, ఇస్పేటు పడ్డాక ఎదుటివాడి దగ్గర నుంచి సగటున మరో 15,000 దాకా రావాలి. మూడో ఇస్పేటు కళ్లెదుట పడ్డాక కూడా ప్రతిసారీ అంత ఇచ్చే దాత బటన్ మీద కూర్చుంటాడని నేను అనుకోను.

కాబట్టి ఫ్లాపులోనే ఆల్‌ఇన్ చేయవలసింది, అంటే ఉన్న చిప్పులన్నీ పెట్టవలసింది. ఎదుటివాడు ఫోల్డ్ చేస్తే (ముక్కలు పారేస్తే) 36,000 మనవి. కాల్ చేస్తే 1,44,000 పాట్ మీద మనకు 35 శాతం ఉంటుంది, అంటే సగటున 50,400 తిరిగి వస్తాయి, పెట్టిన 60,000 మీద నష్టం 9,600. 36,000 లాభం ఒకవైపు, 9,600 నష్టం ఒకవైపు పెట్టి చూస్తే, ఎదుటివాడు 21 శాతం కన్నా ఎక్కువసార్లు తప్పుకుంటే చాలు, ఈ ఆట లాభమే. అన్నిటికన్నా ముఖ్యంగా, మన చేతిలో తొమ్మిది పెద్ద ముక్క. చివరిదాకా చెక్ చేసుకుంటూ పోతే రాణి-జాకీ కూడా మనల్ని కొడతాయి. మనకన్నా మెరుగైన చేతులను పారవేయించే దారి ఇదొక్కటే.

అరండల్‌పేట:
మాస్టారూ, మీ లెక్కలో తప్పు లేదు, కానీ అది చిప్పుల లెక్క. టోర్నమెంటులో చిప్పులను కౌంటరులో ఇచ్చి డబ్బు తీసుకోలేము. గుర్రప్పందాల్లో ఏ గుర్రం ఏ స్థానంలో వస్తుందో అంచనా కట్టడానికి హార్విల్ 1973లో ఇచ్చిన సూత్రాన్నే తరువాత పోకరు వారు చిప్పులను బహుమతి విలువగా మార్చడానికి వాడుకున్నారు. దాన్నే ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటున్నాం. చిన్న ఉదాహరణ చూడండి. ముగ్గురు మిగిలారు, చిప్పులు సమానం, బహుమతులు 50, 30, 20. ఒక్కొక్కరి వాటా విలువ 33.3. ఒకడు మరొకడిని ఆల్‌ఇన్‌లో ఓడిస్తే చిప్పులు రెట్టింపవుతాయి, కానీ విలువ 43.3కే చేరుతుంది. ఓడితే 20కి పడిపోతుంది. అంటే గెలిస్తే పది, ఓడితే పదమూడుకు పైగా. ఈ పందెం గిట్టాలంటే 50 శాతం చాలదు, 57 శాతం కావాలి.

మీ 60,000 చిప్పులు పోవడం అన్నది 60,000 రావడానికి సమానం కాదు. ఈ గీత దగ్గర పోయే చిప్పు విలువ వచ్చే చిప్పుకన్నా ఒకటిన్నర రెట్లు అనుకుందాం. ఇది నేను పెట్టుకున్న అంచనా, ఇంకా ఎక్కువే కావచ్చు. కాల్ వచ్చినప్పుడు 35 శాతం సార్లు 84,000 లాభం, 65 శాతం సార్లు 90,000తో సమానమైన నష్టం. సగటున మీ 9,600 నష్టం కాస్తా 29,100 అవుతుంది. అప్పుడు ఎదుటివాడు 21 శాతం కాదు, 45 శాతం సార్లు ఫోల్డ్ చేయాలి.

మన పదమూడు ముక్కల రమ్మీలో 101 పూల్ (కౌంటు 101కి చేరినవాడు బయటకు పోయే ఆట) ఆడేవారికి ఇది కొత్త కాదు. 79 కౌంటు మీద ఉన్నవాడు లైఫ్ (జోకరు లేని వరస) లేని చెయ్యి చూసి 20తో డ్రాప్ అయితే 99 దగ్గర బతికి ఉంటాడు. జోకరు ఒకటి ఉంది కదా అని కూర్చుంటే ఎదుటివాడి ఒక్క షోతో బయటకు పోతాడు. గుంటూరులో ఎవరూ అతన్ని పిరికివాడనరు. పోకరు దగ్గరకు వచ్చేసరికి ఫోల్డ్ చేసినవాడిని ఎందుకు అలా చూస్తారో నాకు అర్థం కాదు.

పటమట:
ఇద్దరూ "ఫ్లష్ డ్రా" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఫ్లష్ డ్రాలన్నీ ఒకటి కావు. ఇదే ఫ్లాపులో మన చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు ఐదు ఉన్నాయనుకోండి. తొమ్మిది ఇస్పేట్లు, వరస పూర్తి చేసే మూడు మూళ్లు (ఇస్పేటు మూడు ముందే లెక్కలో ఉంది), ఎదుటివాడి దగ్గర ఆసు లేని రాజుల జత మాత్రమే ఉంటే మరో మూడు ఆసులు: మొత్తం 15 ముక్కలు, రివరు దాకా 54 శాతం. ఆ చేతితో ఆల్‌ఇన్ చేసేవాడు కాల్ వచ్చినా భయపడనక్కరలేదు. పైగా ఇస్పేటు ఆసు మన దగ్గరే ఉంది కనుక మనకన్నా పెద్ద ఫ్లష్ ఎవరికీ రాదు. తొమ్మిది-ఎనిమిదితో అలా కాదు. కాల్ చేసేవాడి దగ్గర ఇస్పేటు ఆసు, రాణి లేదా జాకీతో మరో ఇస్పేటు ఉంటే, మనకు రంగు పడిన క్షణమే మన పని అయిపోతుంది. 35 శాతం అన్న మాట అక్కడ చెల్లదు.

ఇంకొకటి. 60,000 మీద కాల్ చేయడానికి బటన్ అదనంగా పెట్టవలసింది 48,000, గెలిచేది 96,000. అతనికి 33 శాతం చాలు. ఓడినా అతను టోర్నమెంటులోనే ఉంటాడు. ఐసీఎం అతన్ని మనలా పట్టి ఆపదు. ఏ రాజు ఉన్నా కాల్ చేస్తాడు, అతనికి తప్పుకోవలసిన అవసరం లేదు.

కృష్ణలంక:
అడగకముందే చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ బటన్ ఆటగాడు గీత దగ్గర పడినప్పటి నుంచి, ముందున్నవారు తప్పుకున్న ప్రతిసారీ పెంచుతున్నాడట, ఫ్లాపు ఏదైనా సగం పాట్ వేస్తున్నాడట. ఒకసారి ఎదురు రైజు (తన పందేన్ని మించిన పెంపు) వస్తే వెంటనే పారేశాడట.

బ్రాడీపేట నాలుగో లైను:
అయితే అరండల్‌పేట గారి 45 శాతాన్నే ఒప్పుకుని మాట్లాడతాను. జత కాని రెండు ముక్కలకు ఫ్లాపులో జతో అంతకన్నా మెరుగైనదో దొరికేది మూడింట ఒకసారి, సుమారు 32 శాతం. ఏ ముక్కలతోనైనా పెంచేవాడికి ఎక్కువసార్లు చేతిలో ఏమీ ఉండదు. అలాంటివాడు 48,000 మరింత పెట్టమంటే సగానికి పైగా తప్పుకుంటాడు. చేతిలోనే జత ఉన్నప్పుడు, పటమట గారు చెప్పిన పెద్ద ఇస్పేట్లు ఉన్నప్పుడు కాల్ చేస్తాడు, నిజమే. అవి కలిపినా సగం దాటవు.

అరండల్‌పేట:
సగం దాటవు అన్నది మీ ఊహ, ఒకసారి పారేశాడన్నది ఒకే ఒక్క సాక్ష్యం. ఎదురు రైజుకు పారేసిన ఆ ఫ్లాపులో అతనికి ఏముందో ఎవరూ చూడలేదు. ఫ్లాపులోనే పారేసి ఉంటే మిత్రుడికి 60,000, అంటే 15 బిగ్ బ్లైండ్లు ఉండేవి. ఐదు బ్లైండ్ల లోపున్న ముగ్గురిలో ఇద్దరు బయటకు పోయేదాకా ఆగడానికి అవి చాలు. అదే బటన్ మళ్లీ పెంచినప్పుడు ఆసు-పది లాంటి చేతితో ఫ్లాపుకు ముందే ఆల్‌ఇన్ చేయడానికీ చాలు. కాల్ చేసి టర్నులో పారేసినందువల్ల అవి 12 అయ్యాయి. ఫ్లాపులో కాల్ చేయడమనే మధ్యదారి తప్పన్న మీ మొదటి మాటతో మాత్రం నాకు పేచీ లేదు.

బ్రాడీపేట నాలుగో లైను:
ఫ్లాపుకు ముందు ఆల్‌ఇన్ చేస్తే, ఎదుటివాడు తప్పుకున్నప్పుడు దొరికేది అతని 9,000, బ్లైండ్లు, యాంటీ కలిపి 19,000. ఇక్కడ బల్ల మీద 36,000 ఉంది. మీ ఒకటిన్నర రెట్ల లెక్కనే తీసుకుని, ఆసు-పదికి కాల్ వచ్చినప్పుడు మీరు ఎంత శాతం ఇస్తారో చెప్పి, 19,000 కోసం పెట్టే 60,000కు ఎంత ఫోల్డ్ శాతం కావాలో ఇక్కడ వేసి చూపండి. నాకు తెలిసి 45కు దూరంగా ఏమీ రాదు.