వృద్ధాశ్రమంలో ఇద్దరు దగ్గరైతే అడ్డుపడే హక్కు ఎవరికుంది?

ప్రశ్న (గుంటూరు నుంచి)
గుంటూరు శివారులోని ఒక వృద్ధాశ్రమంలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. భార్యను కోల్పోయిన 74 ఏళ్ల మాస్టారు, భర్తను కోల్పోయిన 68 ఏళ్ల అమ్మగారు ఏడాదిగా దగ్గరయ్యారు. ఆయనకు చేతులు వణుకుతాయి కనుక ఆవిడ బత్తాయి ఒలిచి, తొనల మీది పొర కూడా తీసి, ఒక్కొక్కటే ఆయన అరచేతిలో పెడతారు. మొన్న రాత్రి వారిద్దరూ ఒకే మంచం మీద ఉండగా ఆయా తలుపు తీసి చూసి మేనేజరుకు చెప్పింది. కబురు అందుకుని వచ్చిన కొడుకు అందరి ఎదుట "ఈ వయసులో ఇదేం బుద్ధి" అని తల్లిని నిలదీశాడు. అప్పటి నుంచి ఆవిడ భోజనానికి కూడా గది దాటి రావడం లేదు. మాస్టారిని వేరే అంతస్తుకు మార్చమని నాకు చెప్పారు. నేనేం చేయాలి?

జవాబు (విజయవాడ, వైద్యురాలు)
దయచేసి మార్చకండి. 2007లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 75 నుంచి 85 ఏళ్ల వారిలో 26 శాతం మంది అంతకు ముందు ఏడాదిలో లైంగిక జీవితం ఉందని చెప్పారు. కాబట్టి ఇది బుద్ధి తప్పడం కాదు. మీరు చూడవలసింది సమ్మతి. ఆవిడకు మతిమరుపు జబ్బు ఉంటే, ఆయనను ఆయనగానే గుర్తిస్తున్నారా, వద్దనుకున్నప్పుడు వద్దని చెప్పగలుగుతున్నారా అన్నది ఒంటరిగా, ఒకటికి రెండుసార్లు మాట్లాడి తెలుసుకోండి. మాస్టారు గుండెనొప్పికి సార్బిట్రేట్ వంటి మాత్రలు వాడుతుంటే వయాగ్రా జోలికి పోకూడదని చెప్పండి, రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణాపాయం కలిగేంతగా పడిపోతుంది. గర్భభయం లేకపోయినా సుఖవ్యాధులు వయసు చూసి ఆగవు. న్యూయార్క్‌లోని రివర్‌డేల్ హీబ్రూ హోమ్ అనే వృద్ధాశ్రమం 1995లోనే నివాసుల లైంగిక హక్కులను గుర్తిస్తూ లిఖితపూర్వకంగా నియమాలు పెట్టుకుంది. మీ మేనేజరును కూడా అలా రాయించమని అడగండి.

జవాబు (గుంటూరు, న్యాయవాది)
తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 పిల్లల మీద బాధ్యత పెట్టిందే తప్ప తల్లి ఎవరితో ఉండాలో నిర్ణయించే అధికారం ఇవ్వలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆశ్రమం ఫీజు కడుతున్నంత మాత్రాన కొడుకుకు ఆ అధికారం దఖలు పడదు. వారు పెళ్లి ఆలోచన చేస్తే మాత్రం తొందరపడవద్దనండి. ఆవిడకు భర్త ఉద్యోగం మీద కుటుంబ పింఛను వస్తుంటే మళ్లీ పెళ్లితో అది సాధారణంగా ఆగిపోతుంది.

జవాబు (విజయవాడ, ఆశ్రమవాసి)
నేను ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నాను. మా గదులకు లోపల గడియ లేదు, తలుపు తట్టి వచ్చే అలవాటు ఎవరికీ లేదు. అమ్మా, నియమాలు తరువాత రాయించవచ్చు. ఈ రాత్రి ఆవిడ గదికి మీరే కంచం పట్టుకెళ్లండి, తలుపు తట్టి, రమ్మన్న తరువాతే లోపలికి వెళ్లండి.