ఎండాకాలంలో పెట్టలను తోటలోకి వదలాలా, కంచెలోనే ఉంచాలా?

కొత్తపాదు:

పెరట్లో ఒక పక్క కూరగాయల మళ్ళు, ఇంకో పక్క కోళ్ళ గూడు, గూటి ముందు ఇనుప వలతో కంచె, దాని పైన రేకు. పెట్టలు ఆరు. చల్లటి రోజుల్లో పొద్దున్నే వదిలి, చీకటిపడ్డాక గూడు మూసేవాళ్ళం. ఎండలు ముదిరిన దగ్గర నుంచి ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. తోటలో నీడ ఉంది, తడి ఉంది, వదిలేస్తే కావలసిన చోటు అవే వెతుక్కుంటాయని ఒక మాట. నీళ్ళు మోసి నిలబెట్టుకున్న మొక్కలను ఒక్క పూటలో పాడుచేస్తాయి, కంచె దాటనివ్వకూడదని ఇంకో మాట. రెండింటిలోనూ న్యాయం కనిపిస్తోంది, అందుకే తేల్చుకోలేకపోతున్నాను. మీరు ఏ పక్షమో చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి.

స్వేచ్ఛారెక్క:

వదలాలి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

కోడికి చెమట పట్టదు. దాని చర్మంలో స్వేద గ్రంథులే లేవు. వేడి దించుకోవడానికి నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలు ఎడంగా పెట్టి కిందికి గాలి తగలనిస్తుంది, తల మీది జుట్టుకూ గడ్డం కింది తమ్మెలకూ రక్తం ఎక్కువగా పంపుతుంది. అంతకుమించి దాని దగ్గర సాధనాలు లేవు. మామూలుగానే దాని ఒంటి వేడి 41 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. గాలి 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 38 దాటి ఉక్క కూడా తోడైతే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి మధ్యాహ్నం రేకు కింద నిలబెట్టడమంటే పైనుంచి కూడా కాల్చడమే.

వదిలిన పెట్ట ఏం చేస్తుందో చూడండి. పొద కిందికి పోయి, కాళ్ళతో పైమట్టి గీకేసి, లోపలి చల్లటి మట్టికి పొట్ట ఆనించి పడుకుంటుంది. ఎండ జరిగితే అదీ జరుగుతుంది. తొక్కి తొక్కి గట్టిపడిన కంచె నేలలో ఆ వీలెక్కడిది? మొక్క పోతే మళ్ళీ నాటుకోవచ్చు.

తడిమట్టి:

స్వేచ్ఛారెక్క గారూ, కోడి గురించి మీరు చెప్పినదంతా నిజం. "మొక్క పోతే మళ్ళీ నాటుకోవచ్చు" అన్న ఒక్క మాట ఒప్పుకోను. నడి ఎండాకాలంలో పోయిన మొక్క మళ్ళీ రాదు. ఆ వేడికి నారు నిలదొక్కుకోదు, నిలదొక్కుకునేసరికి కాలం దాటిపోతుంది.

ఈ కాలంలో మడిని బతికించేది నీటికంటే ఎక్కువగా దాని మీది కప్పు. మొక్క వేళ్ళ మీద నాలుగైదు చేతివేళ్ళ మందాన ఎండుగడ్డో రాలిన ఆకులో పరిస్తే తడి ఆవిరి కాకుండా నిలుస్తుంది, మట్టి కాలదు. కోడి మొట్టమొదట చెదరగొట్టేది దాన్నే. ఎందుకంటే పురుగులూ వానపాములూ ఉన్నది ఆ కప్పు కిందే. తోటలో చల్లగా ఉండే చోటూ తిండి దొరికే చోటూ రెండూ మొక్క మొదలే కాబట్టి కోడి మరో చోటికి పోదు. గడ్డి పక్కకు పోతుంది, పీచు వేళ్ళు బయటపడతాయి, ఒంటిగంట ఎండ నేరుగా వాటి మీద పడుతుంది. సాయంత్రం మీరు చూసేటప్పటికి మొక్క తల వాల్చి ఉంటుంది, మీరు నీళ్ళు చాలలేదనుకుంటారు.

టమాటా సంగతే తీసుకోండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. ఆ ఒత్తిడిలో ఉన్న మొక్క వేళ్ళు కూడా పెళ్ళగిస్తే ఏం మిగులుతుంది?

రెట్టల మాట కూడా ఉంది. కోడి పెంటలో నత్రజని చాలా ఎక్కువ, పచ్చిగా పడితే లేత మొక్కను మాడ్చేస్తుంది. పైగా సాల్మొనెల్లా వంటి క్రిములు ఉంటాయి. అమెరికా సేంద్రియ సాగు నియమాల్లో పచ్చి పెంట నేలలో కలిపిన తరువాత, మట్టికి తగిలే పంట అయితే కోతకు 120 రోజులు, తగలని పంట అయితే 90 రోజులు ఎడం ఉండాలని రాశారు. ఆకుకూరల మడిలో పెట్టలు రోజూ తిరుగుతుంటే ఆ ఎడం ఎప్పటికి వస్తుంది? ఆ పెంటనే గూటి నుంచి ఎత్తి ఎండుటాకులతో కలిపి కుప్ప వేయండి. లోపల 55 డిగ్రీలు దాటేలా మరగనిచ్చి, తిరగేస్తూ, బాగా మాగాక వేయండి. అంతకు మించిన ఎరువు లేదు. కోళ్ళకూ తోటకూ పొత్తు ఉండాల్సిందే, కానీ అది కంపోస్టు కుప్ప దగ్గర కుదరాలి.

స్వేచ్ఛారెక్క:

మీ మడి బాగుంటుంది, ఒప్పుకుంటాను. పెట్ట మాటేమిటి? పగలంతా ఇరుకులో ఉన్న పెట్టలు ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి. వేడికి చిరాకుపడితే మరీ ఎక్కువ. రక్తం కనిపించిందా, మిగిలినవన్నీ అక్కడే పొడుస్తాయి. మొక్కకు నొప్పి లేదు, దానికి ఉంది. నాకు తూకం అక్కడే తేలిపోతుంది.

సూదిదారం:

ఇద్దరి మాటలూ చదివాను. ఇద్దరూ ఒక విషయాన్ని అలాగే వదిలేశారు. కంచెలో నీడ లేదన్నదాన్ని మార్చలేని సంగతిగా తీసుకుని, తోట నీడను పెట్టలకు ఇవ్వాలా వద్దా అని పోట్లాడుతున్నారు. కంచెకు దాని నీడ దానికి ఉంటే ఈ పోట్లాట సగం తీరిపోతుంది. నేను కంచె పక్షమే, కానీ ఇప్పుడున్న కంచె కాదు.

కొత్తపాదు గారూ, ముందు ఆ రేకు సంగతి చూడండి. రేకు ఎండకు కాగి కిందికి వేడి చిమ్ముతుంది. దాని మీద జానెడు ఎత్తున నీడ వల కట్టండి, రేకుకు ఆనించి పరచవద్దు. మధ్యలో గాలి ఆడాలి, ఆ సందులోంచే వేడి పోతుంది. పడమటి పక్క ఇంకో తెర వేలాడదీయండి, సాయంత్రపు ఏటవాలు ఎండ అటునుంచే వస్తుంది. మిగతా మూడు పక్కలూ వదిలేయండి. చుట్టూ దుప్పట్లు కట్టినవాళ్ళను చూశాను. నీడ వస్తుంది కానీ గాలి ఆగుతుంది, రొప్పే కోడికి గాలి ఆగడం ఎండకన్నా చెడ్డది.

పడమటి తెరకు నేను కుట్టే పద్ధతి ఇది. నీడ వలను అలాగే మేకులకు తగిలిస్తే గాలికి తగిలించిన చోటల్లా చిరుగుతుంది. అందుకని నాలుగు అంచులకూ మందపాటి గుడ్డ పట్టీ వేస్తాను. పాత జీన్స్ కాళ్ళు కోసి అతికినా సరిపోతుంది. పట్టీని మధ్యకు మడిచి, వల అంచును ఆ మడతలో పెట్టి, రెండు వరుసలు కుట్టండి. సూది 16 నంబరు. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు పెట్టండి, దగ్గర కుట్లు వేస్తే చిల్లులు పక్కపక్కన పడి ఆ గీత వెంటే చిరుగుతుంది. దారం మాత్రం పాలియెస్టర్‌దే. నూలు దారం ఎండకూ తడికీ కలిపి చివికిపోతుంది. తాడు కట్టే ఐలెట్లు, అంటే చిల్లు చుట్టూ బిగించే లోహపు రింగులు, పట్టీకి కొట్టాలి, వలకు కాదు.

ఎండాకాలం మధ్యాహ్నాలు బయట చేయగలిగే పని ఏదీ ఉండదు. తెల్లవారగానే మళ్ళకు నీళ్ళు, పొద్దెక్కాక మిషను ముందు కూర్చోవడం, పొద్దు వాలాక మళ్ళీ పెరడు. నాకు ఈ కాలం నచ్చేది అందుకే. పెరటికి కావలసిన గుడ్డ పనులన్నీ ఆ నడిమి గంటల్లోనే తెములుతాయి.

కంచె ఒక మూలలో మాత్రం గడ్డపలుగుతో మట్టిని మోకాటి లోతు గుల్ల చేయండి, పొద్దున్నే కొంచెం తడపండి. స్వేచ్ఛారెక్క గారు చెప్పిన చల్లటి మట్టి అక్కడే దొరుకుతుంది. పక్కనే ఒక పొడి మూల కూడా ఉంచండి. మట్టిలో పొర్లి దుమ్ము పట్టించుకోవడం వాటికి కావాలి, తడిలో అది కుదరదు.

గుడ్డుపెంకు:

ఎవరూ గుడ్ల మాట ఎత్తలేదు. ఎండాకాలంలో పెంకు పలచబడితే దాణా చెడ్డదనుకుంటారు. రొప్పినప్పుడు ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతుంది, పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేట్ రక్తంలో తగ్గుతుంది. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే కదా. దానికి తోడు వేడికి మేత తగ్గిస్తాయి, కాల్షియం కూడా తగ్గుతుంది. కాబట్టి దాణా తెల్లవారుజామునా పొద్దు వాలాకా పెట్టండి. ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో ఉంచండి, కావలసినంత అవే తింటాయి. చల్లటి రోజుల్లో పావు లీటరు తాగే పెట్ట ఇప్పుడు రెండింతలు తాగుతుంది, కాగిన నీళ్ళు మాత్రం ముట్టదు. నీళ్ళు నీడలో పెట్టి, మధ్యాహ్నం మార్చండి.

వదిలినా మూసినా, గూటి కర్రల సందులు దీపం వేసి చూడండి. రక్తం పీల్చే ఎర్ర నల్లులు పగలు అక్కడ దాక్కుని రాత్రి పెట్టల మీదికి ఎక్కుతాయి. ఈ వేడిలో వారం పది రోజుల్లోనే కొత్త తరం తయారవుతుంది.

స్వేచ్ఛారెక్క:

సూదిదారం గారు చెప్పిన కంచె ఉంటే పగలు మూసి ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ చీకటిపడే ముందు ఒక గంట వదలండి. వెలుతురు తగ్గగానే అవే గూటికి చేరతాయి, ఎవరూ తోలక్కర్లేదు. ఆ గంట కూడా వద్దంటే నేను ఒప్పుకోలేను.

తడిమట్టి:

కోత అయిపోయి ఖాళీగా ఉన్న మడిలోకైతే గంట కాదు, పూట వదలండి. కలుపు గింజలూ పురుగు గుడ్లూ ఏరేస్తాయి, నేల గుల్ల చేస్తాయి, ఆ పని నాకంటే బాగా చేస్తాయి. కాపు మీదున్న మళ్ళకు మాత్రం నడుమెత్తు వల అడ్డం కట్టాలి. సాయంత్రం గంటలో అవి చేసే నష్టం పగటి నష్టానికి తక్కువేమీ కాదు. ఆకలి మీద వస్తాయి.

కొత్తపాదు:

అందరికీ ధన్యవాదాలు. రేకు మీద వల, పడమటి తెర, గుల్ల మట్టి మూల ముందు చేస్తాను. ఉల్లి తవ్వేసిన మడి ఖాళీగా ఉంది, సాయంత్రాలు అందులోకి వదులుతాను. మిగతా మళ్ళకు వల కడతాను. సూదిదారం గారూ, తెరను కంచె లోపలి పక్క కట్టాలా, బయటి పక్కా?

సూదిదారం:

బయట కట్టండి. లోపల కడితే పెట్టలు అంచు పట్టీ పోగులు లాగుతాయి. దారం మింగితే గొంతు సంచిలో చిక్కుకుంటుంది, కాలి వేళ్ళకు చుట్టుకుంటే రక్తం ఆడదు. అందుకే కుట్టు చివర వెనక్కి రెండు కుట్లు వేసి దారం దగ్గరగా కత్తిరించండి. తెర బిగించాక ఆ చుట్టుపక్కల నేలంతా ఒకసారి చూసి, తెగిన దారపు ముక్కలూ, ఐలెట్లు కొట్టినప్పుడు పడిన లోహపు బిళ్ళలూ ఏరేయండి. మెరిసేది కనిపిస్తే పెట్ట ముందు పొడుస్తుంది.