ఆటగాళ్ల కొనుగోలులో ఆఖరి మాట ఎవరిది: కోచ్‌దా, ఫుట్‌బాల్ డైరెక్టర్‌దా?

విశాఖ రెడ్:
కోచ్ చాలా క్లబ్బుల్లో రెండు మూడేళ్లకు మించి నిలవడు. అతను అడిగాడని కొన్న ఆటగాడి ఒప్పందం మాత్రం నాలుగైదేళ్లు ఉంటుంది. అందుకే కొనుగోళ్లలో ఆఖరి మాట, క్లబ్బు తరఫున ఆటగాళ్ల కొనుగోళ్లు, అమ్మకాలు చూసే ఫుట్‌బాల్ డైరెక్టర్‌దే కావాలని నా వాదన. మాంచెస్టర్ యునైటెడ్ సంగతి చూడండి. 2013లో కోచ్ ఫెర్గూసన్ వెళ్లాక మోయెస్, వాన్ గాల్, మౌరిన్యో, సోల్షేర్ ఆ పదవిలోకి వరసగా వచ్చారు. ప్రతి ఒక్కరూ తనకు నచ్చిన జట్టును కట్టుకోబోయారు, సగంలోనే వెళ్లిపోయారు. అక్కడ మొట్టమొదటి ఫుట్‌బాల్ డైరెక్టర్‌ను నియమించింది 2021లో.

లివర్‌పూల్‌లో దాదాపు తొమ్మిదేళ్లు ఉన్న కోచ్ క్లాప్ 2024లో వెళ్లాడు. స్పోర్టింగ్ డైరెక్టర్ (ఫుట్‌బాల్ డైరెక్టర్ పదవికే మరో పేరు) రిచర్డ్ హ్యూస్ కొత్త కోచ్‌గా ఆర్నె స్లాట్‌ను తెచ్చాడు. ఆ సీజన్‌లో ఆడటానికి కొత్తగా కొన్నది ఒక్క కియేజానే, అతనూ ఎక్కువగా బెంచీ మీదే ఉన్నాడు. అయినా 2025లో లీగ్ గెలిచారు. కోచ్ మారినా జట్టు చెదరలేదంటే, అది ఏళ్ల తరబడి ఒక పద్ధతి ప్రకారం కట్టిన జట్టు కాబట్టే. సలా విషయమే తీసుకోండి. 2017లో క్లాప్ చూపు జూలియన్ బ్రాంట్ మీద ఉండేది. అప్పటి డైరెక్టర్ మైకేల్ ఎడ్వర్డ్స్, ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌట్లు కలిసి సలా కోసం పట్టుబట్టారు. ఈ సంగతి క్లాప్ తానే చెప్పాడు. సలా తొలి సీజన్‌లోనే లీగ్‌లో 32 గోల్స్ కొట్టాడు.

టైన్ తీరం:
విశాఖ రెడ్ గారూ, మీరు గెలిచిన చోటునే చూపిస్తున్నారు. న్యూకాసిల్‌లో ఏం జరిగిందో కూడా చూడాలి. 2008 జనవరిలో కెవిన్ కీగన్ మేనేజర్‌గా (కోచ్‌ను అక్కడ అలా అంటారు) తిరిగి వచ్చినప్పుడు ఊరంతా పండగ చేసుకుంది. ఆ నెలాఖరులోనే యజమాని మైక్ ఆష్లీ, డెన్నిస్ వైజ్‌ను ఫుట్‌బాల్ వ్యవహారాల డైరెక్టర్‌గా కూర్చోబెట్టాడు. ఆగస్టు చివర, బదిలీల గడువు ముగిసే వేళకు, ఇగ్నాసియో గొంజాలెజ్ అనే ఉరుగ్వే మిడ్‌ఫీల్డర్‌ను లోన్ మీద (కొంతకాలానికి అరువుగా) తెస్తున్నామన్నారు. కీగన్ అతని ఆట ఎన్నడూ చూడలేదు. యూట్యూబ్‌లో చూడమన్నారు. వద్దని ఆయన చెప్పాక కూడా తెచ్చారు. కీగన్ సెప్టెంబరు 4న రాజీనామా చేశాడు. మే నెలకల్లా జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది.

గొంజాలెజ్‌ను ఎందుకు తెచ్చారో తెలుసా? ఇద్దరు దక్షిణ అమెరికా ఏజెంట్ల మెప్పు కోసం. తర్వాత కీగన్ వేసిన కేసు విచారణలో క్లబ్బే ఒప్పుకుంది. మైదానంలో ఓడితే జనం తిట్టేది కోచ్‌ను. అలాంటప్పుడు అతను వద్దన్నవాణ్ణి జట్టులోకి నెట్టే హక్కు ఇంకొకరికి ఎలా వస్తుంది?

విశాఖ రెడ్:
ఆ కేసు తీర్పును పూర్తిగా చూడండి. 2009లో ట్రైబ్యునల్ కీగన్ పక్షాన నిలిచి 20 లక్షల పౌండ్ల పరిహారం ఇప్పించింది. ఆఖరి మాట మేనేజర్‌దేనని క్లబ్బు బయటికి చెబుతూ వచ్చి, లోపల అందుకు విరుద్ధంగా నడిచిందని తేలింది. అంటే అక్కడ జరిగింది మాట తప్పడం. పైగా ఏజెంట్ల కోసం చేసిన బేరాన్ని ఆట తెలిసిన డైరెక్టర్ నిర్ణయంగా లెక్కించడం న్యాయం కాదు. ఎవరి అధికారం ఎంతో మొదటి రోజే ఒప్పందంలో రాసి ఉంటే కీగన్ ఆ ఉద్యోగంలో చేరేవాడే కాదేమో.

ఉత్తర లండన్:
కీగన్ వెళ్లిన ఆ 2008 శరదృతువులోనే మా టోటెన్‌హామ్‌లో జరిగినదాన్ని ఇద్దరూ వదిలేశారు. ఎనిమిది మ్యాచ్‌ల్లో రెండే పాయింట్లు రావడంతో 2008 అక్టోబరులో కోచ్ రామోస్‌తో పాటు డైరెక్టర్ డామియన్ కొమోలీని కూడా సాగనంపారు. కొత్తగా వచ్చిన హ్యారీ రెడ్‌నాప్ పాతకాలపు మేనేజర్, కొనుగోళ్లు తన చేతిలోనే ఉండాలనే మనిషి. 2010లో నాలుగో స్థానం సాధించి జట్టును యూరప్‌లోని మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌కు తీసుకెళ్లాడు. అందరూ ఆయన్నే మెచ్చుకున్నారు, తప్పు లేదు. కానీ ఆ జట్టులో బేల్, మోడ్రిచ్ ఎవరి కాలంలో వచ్చారు? కొమోలీ కాలంలోనే. బేల్ 2007లో వచ్చాక లీగ్‌లో అతను ఆడిన తొలి 24 మ్యాచ్‌ల్లో ఒక్కదాన్నీ టోటెన్‌హామ్ గెలవలేదు! అప్పట్లో అతన్ని వదిలించుకోమన్న అభిమానులు తక్కువేమీ కాదు. తర్వాత ఇద్దరూ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లారు.

డైరెక్టర్ పని ఫలితం మూడేళ్లకు గాని కనబడదు. మన క్లబ్బులు అతన్ని మూడు నెలల్లో తూకం వేస్తున్నాయి. యునైటెడ్ కూడా డాన్ ఆష్‌వర్త్‌ను 2024 జులైలో తీసుకుని డిసెంబరులో పంపేసింది. ఆఖరి మాట ఎవరిదని మీరు వాదించుకుంటున్నారు గాని, అది ఎప్పుడైనా యజమానిదేనని నాకు అనిపిస్తుంది.

సెవియా గోడ:
స్పెయిన్ క్లబ్బు సెవియా డైరెక్టర్ మోంచీ పేరు ఇంకా రాలేదేమా అని చూస్తున్నాను. సెవియా రెండో డివిజన్‌కు పడిపోయిన 2000లో, ఆ క్లబ్బుకే గోల్‌కీపర్‌గా ఆడిన ఆయనకు డైరెక్టర్ పదవి ఇచ్చారు. బ్రెజిల్ నుంచి డాని ఆల్వెస్, షాల్కె నుంచి రాకిటిచ్; తక్కువకు తెచ్చి, ఆడించి, బార్సిలోనాకు ఎక్కువకు అమ్మడం. ఆ డబ్బుతో మళ్లీ కొత్తవాళ్లు. 2006కూ 2016కూ మధ్య ఐదుసార్లు యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్ ట్రోఫీ (మొదటి రెండుసార్లు దాని పేరు యూఎఫా కప్). అదే మనిషి 2017లో రోమా వెళ్లాడు. పాస్టోరె, ఎన్‌జోంజీ, షిక్ మీద డబ్బు పోసి, రెండేళ్లయినా నిండకుండానే వెనక్కి రావలసి వచ్చింది. సెవియాలో ఆయన చుట్టూ ఏళ్లుగా కూడిన స్కౌట్లు ఉన్నారు, కోచ్‌లు ఆ పద్ధతికి తగినవాళ్లే వచ్చేవాళ్లు. రోమాలో అవేవీ లేవు. ఒక్క మనిషిని తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే పద్ధతి దానంతటదే రాదు.

టైన్ తీరం:
సరే, నేను అడిగేది ఇంతే. కోచ్‌కు ‘వద్దు’ అనే హక్కు రాతలో ఉండాలి. సలా విషయంలోనూ క్లాప్‌ను ఒప్పించారు గాని, అతన్ని కాదని తేలేదు. గొంజాలెజ్‌కూ సలాకూ ఉన్న తేడా అదే.

విశాఖ రెడ్:
‘వద్దు’ అనే హక్కుకు నాకు అభ్యంతరం లేదు. ‘ఇతనే కావాలి’ అని పట్టుబట్టి క్లబ్బు చేత కొనిపించే అధికారం మాత్రం ఉండకూడదు. 2022లో యునైటెడ్ కోచ్ టెన్ హాగ్ తన పాత క్లబ్బు ఆయాక్స్ నుంచి ఆంటనీ కావాలన్నాడు. యునైటెడ్ ఎనిమిది కోట్ల పౌండ్లకు పైగా పోసింది. 2024 అక్టోబరులో టెన్ హాగ్‌ను తీసేశారు. కొన్ని నెలలకు ఆంటనీని రియల్ బెటిస్‌కు లోన్ మీద పంపారు.

టైన్ తీరం:
ఆంటనీని కొన్న నాటికి యునైటెడ్‌లో ఫుట్‌బాల్ డైరెక్టర్ ఉన్నాడు కదండీ. 2021లోనే నియమించారని మీరే రాశారు. మరి ఆయన ఎందుకు ఆపలేదు?