వసారి కారిడార్, మన వసారా, మన నడవ

మొన్న గ్రూపులో ఒక సభ్యురాలు అడిగారు: "ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో వసారి కారిడార్ అని ఉందట కదా, మన వసారా అక్కడి నుంచే వచ్చిందా?" అది మేడ ఎత్తులో సాగే ఒక పొడవాటి మూసిన దారి. ఈ మధ్యే అందులో నడిచి వచ్చాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

కాదండీ. వసారి అనేది ఇంటిపేరు. ఆ దారి కట్టిన జార్జో వసారి తాతగారు అరెజ్జో ఊళ్లో కుండలు చేసేవారు. ఇటాలియన్‌లో కుమ్మరిని 'వసాయో' అంటారు, ఇంటిపేరు అలా పుట్టింది. మన వసారాకి చుట్టరికం ఉంటే అది హిందీ 'ఓసారా'తోనే.

నన్ను పట్టుకున్నది ఆ రెండో మాట, కారిడార్. అది ఇటాలియన్ 'కొర్రిదోయో'. 'కొర్రెరె' అంటే పరుగెత్తడం. మన దగ్గర అలాంటి చోటుకి ఉన్న పేరు నడవ. వాళ్ల మాటలో పరుగు ఉంది, మన మాటలో నడక ఉంది. ఆ దారిలో నడుస్తున్నంతసేపూ నా మనసు దీని మీదే ఉంది.

1565లో ఫ్లోరెన్స్ పాలకుడు కోసిమో దే మెదిచి తన కొడుకు పెళ్లి సందర్భంగా దీన్ని కట్టించాడు. వసారి సుమారు ఐదు నెలల్లో పూర్తి చేశాడు. ఒక కొసన పాత పాలనా భవనం పలాజ్జో వెక్కియో, ఇంకో కొసన నది అవతల పిత్తి మహల్. పాలకుడు వీధిలోకి దిగకుండా, ఎవరి కంటా పడకుండా ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లడానికి ఈ దారి. ఉఫ్ఫీజీ మ్యూజియం నుంచి మొదలయ్యే భాగమే 700 మీటర్లు దాటుతుంది. 2016లో మూసేసి, 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు. టైం ముందే బుక్ చేసుకోవాలి.

లోపల తెల్లటి గోడలు, పెద్ద ఆడంబరం ఏమీ లేదు. గుండ్రటి చిన్న కిటికీలోంచి కిందికి చూస్తే పొంతె వెక్కియో వంతెన మీద జనం తలలు కనిపిస్తాయి. మన అడుగుల కిందే బంగారం కొట్లు. ఒకప్పుడు అక్కడ మాంసం కొట్లు ఉండేవి, 1593లో వాటిని తీయించి కంసాలులకిచ్చారు. వంతెన దాటే చోట దారి ఒక్కసారి మలుపు తిరుగుతుంది. అక్కడున్న బురుజు మన్నెల్లి కుటుంబానిది. కూల్చడానికి వాళ్లు ఒప్పుకోలేదు. అందుకని వసారి గోడలోంచి రాతి దిమ్మెలు బయటికి పొడిపించి, వాటి మీద నడవని బురుజు చుట్టూ తిప్పాడు. అంత పెద్ద పాలకుడి దారి ఒక ఇంటివాళ్ల మాటకి పక్కకి తప్పుకుంది. అక్కడ నేను చాలాసేపు నిలబడిపోయాను. ఇంకొంచెం ముందుకెళ్తే సాంతా ఫెలీచితా చర్చి లోపలికి తెరుచుకునే బాల్కనీ. రాజకుటుంబం అక్కడ కూర్చునే పూజ చూసేదట.

మన యూట్యూబ్ వీడియోల్లో దీన్ని 'రహస్య సొరంగం' అంటున్నారు. దయచేసి అలా అనకండి. సొరంగం నేలలో ఉంటుంది, ఇది మేడ ఎత్తులో ఉంది. వసారా అన్నా కుదరదు. వసారా ఇంటికి ఆనుకుని ఒక పక్క తెరిచి ఉంటుంది, వానకి ఎవరైనా వచ్చి నిలబడొచ్చు. ఇది రెండు పక్కలా మూసిన దారి. మా అమ్మమ్మగారింట్లో వీధి గుమ్మం నుంచి మండువా దాకా చీకటిగా, చల్లగా ఉండే దారిని నడవ అనేవాళ్లం. నాకైతే ఆ మాటే సరిగ్గా సరిపోతుంది.

ఇది చదివి గ్రూపులో వాళ్లు అడిగినవి, నా జవాబులు:

— మాస్టారూ, నడవ 'నడుమ' నుంచి వచ్చిందేమో? మా ఇంట్లో నడవ అంటే ఇంటి మధ్య గది.

— మీ వాడుకని కాదనను అమ్మా. కానీ తమిళంలో 'నడై' అంటే నడక, ఇంటి ముందు దారి కూడా అదే మాట. మలయాళంలో 'నట' అంటే వాకిలి, గుడి ముందు చోటు. అందుకే నేను నడక వైపే మొగ్గుతాను. దారి వెడల్పయి గదిగా మారిన ఇళ్లు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి కదా.

— మరి ఎత్తులో ఉందని తెలియాలంటే ఏమనాలండీ? స్కైవాక్ అనేద్దామా?

— 'మేడనడవ' అని చూడండి. నోరు తిరుగుతుంది, వినగానే అర్థమవుతుంది.

— సార్, పోయినేడు ఇటలీలోనే బొలోన్యా అనే ఊరు వెళ్లాం. అక్కడ వీధి పొడుగునా స్తంభాలు, పైన కప్పు. అదీ నడవేనా?

— కాదు బాబూ, అది అచ్చమైన వసారా! వాటిని పోర్తికో అంటారు, ఊరంతా కలిపి 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో జాబితాలో చేరాయి. 1288లోనే ఊరి చట్టం ఇళ్ల ముందు ఇవి ఉండాలంది, గుర్రం మీద మనిషి వెళ్లేంత ఎత్తు కావాలంది. స్థలం ఇంటివాళ్లది, నడిచేది ఊరివాళ్లు. ఫ్లోరెన్స్‌లో ఒక్కడి కోసం నడవ, బొలోన్యాలో అందరి కోసం వసారా. తెలుగులో రెండు మాటలూ ఉన్నాయి, రెంటినీ 'కారిడార్'లో కలిపేయకండి.