కర్ణభేరికి చిల్లు: ఆపరేషన్ చేయిస్తే నిజంగా పూడుతుందా?

ప్రశ్న:
మా ఆవిడకు కుడి చెవి కర్ణభేరికి చిన్నప్పటి నుంచీ చిల్లు ఉంది. జలుబు చేసిందంటే చెవి కారుతుంది. చుక్కలమందు వేస్తే తగ్గి, మళ్లీ మొదలవుతుంది. ఈఎన్‌టీ డాక్టర్ టింపనోప్లాస్టీ, అంటే ఆ చిల్లు పూడ్చే ఆపరేషన్, చేద్దామన్నారు. పదిమందిలో తొమ్మిదిమందికి సక్సెస్ అవుతుందట. ఆ పదో మనిషి మా ఆవిడే అయితే ఎలా అని ఒకటే టెన్షన్. చేయించుకున్నవాళ్లు చెప్పండి.

జవాబు:
నాలుగేళ్ల కిందట నా ఎడమ చెవికి చేశారండి. డాక్టర్ చెప్పిన లెక్క అతిశయోక్తేం కాదు. 85 నుంచి 95 శాతం దాకా పూడతాయని చాలాచోట్ల చెబుతారు. కానీ సక్సెస్ అంటే దేనికి సక్సెస్ అని అడిగారా? నేను అడగలేదు, అక్కడే బోల్తా పడ్డాను. వాళ్ల లెక్కలో సక్సెస్ అంటే చిల్లు పూడటం. వినికిడి సంగతి వేరు. నాకు చిల్లు చక్కగా పూడింది, కారడం ఆగింది, వినికిడి మాత్రం ఆశపడ్డంత పెరగలేదు. కర్ణభేరి వెనక మూడు బుల్లి ఎముకలుంటాయి. ఏళ్ల తరబడి చీము పడితే అవి అరిగిపోవచ్చు. నాకు జరిగింది అదే.

ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష పటం) తీసి, గాలి గీతకీ (చెవి రంధ్రం గుండా వినేది) ఎముక గీతకీ (తల ఎముక ద్వారా నేరుగా లోపలి చెవికి చేరేది) మధ్య ఎంత ఎడం ఉందో చూపించమనండి. ఆపరేషన్‌తో తిరిగి రాగలిగింది మహా అయితే ఆ ఎడం మేరకే. నరం వల్ల పోయిన వినికిడి దీనితో రాదు.

ఇంకోటి, చిల్లు ఎక్కడుందో, ఎంతుందో అడగండి. పెద్దవీ, ముందువైపు అంచున ఉన్నవీ పూడటం కాస్త కష్టం. ముందు అంచు దగ్గర సర్జన్‌కి సరిగా కనిపించదు, చిల్లు పూడ్చడానికి అతికించిన పొరకు ఆసరా కూడా తక్కువ. పొగతాగే అలవాటున్నా ఫలితం దెబ్బతింటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఆ పొర ఎక్కడి నుంచి తెస్తారండీ? తర్వాత ఎన్నాళ్లు ఇబ్బంది?

జవాబు:
ఆవిడ ఒంట్లోదే. ఎక్కువగా చెవి పైన, కణత కండరం మీదుండే పల్చటి పొర తీస్తారు. కొందరికి చెవి దగ్గరి మృదులాస్థి వాడతారు.

మొదటి వారాలు విసుగే. చెవి నిండా ప్యాకింగ్ ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ల మాట నూతిలోంచి వచ్చినట్టుంటుంది, మన నమిలే చప్పుడు మాత్రం బండరాళ్లు దొర్లినట్టు వినిపిస్తుంది. వినపడటంలేదని అప్పుడే బెంగపడకండి. ముక్కు చీదకూడదు, నీళ్లు పోకూడదు, బరువులెత్తకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఆరో రోజున నేను మొహమాటపడి నోరు మూసుకుని తుమ్మాను, చెవిలో టప్‌మంది. అంతా ఊడిందనుకుని పరుగెత్తాను. అదృష్టం, ఏం కాలేదు. నాలుక ఒక పక్క ఏది తిన్నా ఇనుము నాకినట్టుండేది. రుచి నరం కర్ణభేరి వెనకగా పోతుందట. కొన్ని నెలలకు అదే సర్దుకుంది.

మరొకరి జవాబు:
మా తమ్ముడికి బంతి దెబ్బకు పడిన చిల్లు రెండు నెలల్లో దానంతటదే మూసుకుంది. కొత్త గాయాలు చాలావరకు అలా మానతాయి. మీది పాతది, అలా మానే అవకాశం తక్కువ. అయినా తొందరేం లేదు. కారడం అరుదుగానే ఉంటే నీళ్లు పోకుండా చూసుకుంటూ ఆగేవాళ్లూ ఉన్నారు. చీము కంపు కొట్టినా, తల తిరిగినా, మూతి ఒక పక్కకు లాగినా మాత్రం ఆగకండి. అది ఉత్త చిల్లు కాకపోవచ్చు, అప్పుడు చేసే ఆపరేషనే వేరు.

జవాబు:
నిజమే. ఒకవేళ పూడకపోతే చాలామందికి రెండోసారి కూడా చేస్తారండి, దారి మూసుకుపోదు. చెవి కొన్ని వారాలు పొడిగా ఉన్నాకే చేయడానికి మా డాక్టర్ ఇష్టపడ్డారు. జలుబు లేని సమయం చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
పాత ఆడియోగ్రామ్ కాగితం బీరువాలో దొరికింది. రెండు గీతల మధ్య ఎడం బాగానే ఉన్నట్టుంది, ఎముక గీత పైనే ఉంది, అంటే నరం బాగానే ఉన్నట్టు. రేపు వెళ్తున్నాం. చిల్లు ముందువైపా, వెనకవైపా అన్నదే మొదట అడుగుతాను.