దేవుడు లేడనేవాడు కనుమ నాడు ప్రభ మోయొచ్చా?

కౌశిక గట్టు:
మాది కోనసీమలో జగ్గన్నతోటకి దగ్గర ఊరు. తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: కనుమ నాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులంటాం, ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి అలంకరించి భుజాల మీద మోసే వాటి మీద, ఆ కొబ్బరితోటకి వస్తారు. గుడి లేదక్కడ. సాయంత్రానికి ఎవరి ఊరు వాళ్ళది. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు మాత్రం కౌశిక ఏట్లో దిగి రావాలి.

నేను దేవుణ్ణి నమ్మను. పదేళ్ళయింది మానేసి. అయినా ప్రతి కనుమకీ హైదరాబాద్ నుంచి వచ్చి భుజం పెడతాను. ఈసారి మొలలోతు నీళ్ళలో కాలికింద బురద జారుతుంటే అందరితో పాటు నేనూ "శరభా శరభా" అని అరిచాను. గట్టెక్కాక మా బావ తువ్వాలు పిండుకుంటూ అడిగాడు: "ఒరేయ్, లేడంటావు కదా, మరి ఎవర్ని పిలిచావురా?" నోట మాట రాలేదు. హైదరాబాద్‌లో ఒక హేతువాది మిత్రుడికి చెబితే ఆయన ఇంకో రకంగా వాయించాడు, నీలాంటివాళ్ళ వల్లే మూఢనమ్మకాలు బతుకుతున్నాయని. ఇద్దరిలో ఎవరు రైటు?

అగ్రహారం మాస్టారు:
బాబూ, మీ బావ అడిగిన ప్రశ్నలోనే జవాబుంది. కష్టంలో నోట్లోంచి వచ్చేదే నమ్మకం, తీరిగ్గా కూర్చుని చెప్పేది వాదం. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే. జగత్తుకి కర్త ఉండి తీరాలని న్యాయశాస్త్ర పండితుడు ఉదయనుడు దాదాపు వెయ్యేళ్ళ కిందటే న్యాయకుసుమాంజలిలో తర్కించి తేల్చాడు. నాస్తికత్వం మన మట్టిలో మొలిచింది కాదు.

చార్వాకుడి మనవడు:
మాస్టారూ, నమస్కారం. ముల్లు గుచ్చుకుంటే "అమ్మో" అంటాం. అమ్మ పరిగెత్తుకొస్తుందనా? నోటి అలవాటండీ అది.

ఇక మన మట్టి సంగతి. ఉదయనుడు అంత కష్టపడి రాయాల్సొచ్చిందంటేనే లేడనేవాళ్ళు అప్పటికే గట్టిగా ఉన్నారని. బౌద్ధులు, చార్వాకులే కాదు, మీమాంసకులు కూడా. యజ్ఞాలంటే ప్రాణం పెట్టినవాళ్ళే, వేదానికి కర్త లేడు, లోకానికి సృష్టికర్త అక్కర్లేదు అన్నారు. మీ కుమ్మరి మట్టిని పుట్టించడు, ఉన్న మట్టిని సారె మీద తిప్పుతాడంతే. పైగా ఆయనకీ ఒక అమ్మా నాన్నా ఉంటారు. మన కాకినాడ పీఆర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా గారి ఉద్యోగం 1933లో నాస్తిక భావాల వల్లే పోయింది. మొలవలేదని కాదు, మొలిస్తే పీకారు.

ఇంకోటి. వాడపల్లి వెంకన్నని ఏడు శనివారాలు దర్శిస్తే కోరిక తీరుతుందంటారు. మా వీధిలో ఒకాయన, ఆరో వారానికే అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని కనిపించినవాళ్ళందరికీ చెబుతారు. రానివాళ్ళు రావులపాలెం బస్సెక్కి మళ్ళీ వచ్చి "నాకు రాలేదండోయ్" అని మైకులో చెప్పరు కదా.

అగ్రహారం మాస్టారు:
కోరిక తీరితేనే దేవుడంటే అది బేరం. దాని గురించి నేను మాట్లాడలేదు. మీమాంసకుల గురించి మీరన్నది మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ వాళ్ళు కర్త అక్కర్లేదని ఊరుకోలేదు, కర్మ, అంటే క్రతువు, మానొద్దన్నారు. ఆ లెక్కన కౌశిక గట్టు గారు తనకి తెలియకుండానే మీమాంసకుడు! ఇప్పుడే తట్టింది, నాకే నవ్వొస్తోంది.

చార్వాకుడి మనవడు:
నవ్వు సరే. 2015 జూలై 14, పుష్కరాల మొదటి రోజు, రాజమండ్రి పుష్కర ఘాట్. తొక్కిసలాటలో 27 మంది పోయారు. పుణ్యం కోసం వచ్చినవాళ్ళే అంతా. అప్పుడెక్కడున్నాడు?

లంక రైతు:
అక్కడ తప్పింది జనాన్ని అదుపు చెయ్యడం. దాన్ని తీసుకెళ్ళి దేవుడి మీద పెడితే చెయ్యాల్సినవాళ్ళు హాయిగా తప్పించుకుంటారు. ఈ మాట ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ కూడా.

తుఫాను సంగతి వేరు, దానికి బాధ్యుడెవడూ ఉండడు. 1996 నవంబర్ 6 రాత్రి నాకు పదేళ్ళు. పెంకులు లేచిపోతుంటే మంచం కింద కూర్చున్నాం. తెల్లారి చూస్తే మా తోటలో నిలబడ్డ చెట్టు లేదు. కొన్ని వేళ్ళతో సహా వచ్చాయి, కొన్ని నడుం దగ్గర విరిగాయి. కొబ్బరిచెట్టు పోతే ఒక పంట పోయినట్టు కాదండీ, మళ్ళీ కాపుకొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. నాన్న ఆ తర్వాత ఏడాది పాటు దేవుడి గూట్లో దీపం పెట్టలేదు. కానీ ఆ పొద్దున్న గొడ్డలి పుచ్చుకుని ముందు వెళ్ళింది అమ్మవారి గుడికి. వాకిట్లో చెట్టు అడ్డం పడుంది. ఇల్లు వదిలేసి ఇదేంటని అమ్మ అడిగితే "దారికి అడ్డంగా ఉందే" అన్నాడు. నాన్న ఆస్తికుడో నాస్తికుడో నాకిప్పటికీ తెలియదు.

మా గూట్లో వెంకటేశ్వరస్వామి పక్కన కాటన్ దొర ఫొటో ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినాయన. ఆయన గట్టి క్రైస్తవుడు, అయినా మా పంతులు గారు స్నానం చేయించేటప్పుడు భగీరథుడని ఆయన్నీ తలుచుకుంటారు. దేవుళ్ళ పక్కన దొరేంటని నాన్ననడిగితే, "నీళ్ళిచ్చాడురా" అన్నాడు. అంతే.

పెద్దింటి కోడలు:
ఇక్కడ రాస్తున్నవాళ్ళంతా మగవాళ్ళే అనుకుంటా. మా ఆయన టీ కొట్టు దగ్గర నాస్తికత్వం మీద గంట మాట్లాడగలరు. కార్తీక సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి కాలవలో అరటి దొప్ప వదిలింది మాత్రం ఇన్నేళ్ళూ నేనే. నమ్మకంతో కాదు, వదలకపోతే అత్తగారు మూడ్రోజులు మాట్లాడేవారు కాదు. ఆయన నమ్మకపోతే మేధావి. నేనోసారి పులిహోర తాలింపు వేస్తూ "నాకూ నమ్మకం లేదత్తయ్యా" అన్నాను. గరిటె నా చేతిలోంచి తీసేసుకున్నారు. నైవేద్యం నువ్వు ముట్టుకోకు అన్నారు. దొప్పలు కూడా అప్పుడే మానిపించారు. నిజం చెప్పొద్దూ, రెండేళ్ళుగా పండగ రోజు ఏడింటి దాకా పడుకుంటున్నాను.

కౌశిక గట్టు గారూ, ప్రభ మోయకపోతే మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అంటారా?

కౌశిక గట్టు:
అనరండి. "డ్యూటీ ఉందేమోలే" అంటారు. ఆ మాట ముందే ఆలోచించాల్సింది. మా చెల్లెలు ప్రతి ఏడూ గట్టు మీద కొబ్బరికాయ పట్టుకుని నిలబడుతుంది. దానికి నమ్మకం ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

మా మిత్రుడి మాట మాత్రం ఒప్పుకోను. నేను మానేస్తే ఒక భుజం తగ్గుతుంది, మూఢనమ్మకం కాదు. మాస్టారూ, మీ మీమాంసకుడి బిరుదు బాగానే ఉంది కానీ నాకు కర్మఫలం మీద కూడా గురి లేదు. నీళ్ళలో అరిచింది అడుగు కలవడానికి అనుకుంటున్నాను. ఒక్కడు ఆలస్యంగా అడుగేసినా వెదురు బరువంతా పక్కవాడి మెడ మీద పడుతుంది.

ఇదే బావకి ఫోన్లో చెప్పాను. "అడుగు కోసమే అయితే వచ్చే కనుమకి హైలెస్సా అనరా, చూద్దాం" అన్నాడు. నిన్నటి నుంచి ఊహించుకుంటున్నాను. అంత మందిలో, ఆ నీళ్ళలో, ఆ మాట నా నోట రాదు.