తమ్ముడి కాలివేళ్ళు మైనంలా తెల్లబడ్డాయి, వేడినీళ్ళలో పెట్టాలా వద్దా?

కొండదారి:
మూడు గంటలుగా వెతుకుతున్నాను, ఒకచోట చూసింది ఇంకోచోట తప్పంటున్నారు. మా తమ్ముడి కుడికాలి బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు ఫ్రాస్ట్‌బైట్‌తో (చలికి చర్మం గడ్డకట్టే గాయం) తెల్లగా, బూడిదరంగులో ఉన్నాయి. ముట్టుకుంటే తెలియడం లేదంటున్నాడు. వేడినీళ్ళలో పెట్టమని ఒకరు, వద్దేవద్దని ఇంకొకరు. రుద్దొచ్చా? నీళ్ళు ఎంత వేడి ఉండాలి? ఇది తప్ప నాకు వేరే ఏమీ అక్కర్లేదు. దయచేసి తెలిసినవాళ్ళే చెప్పండి.

గంటకొట్టు:
గడ్డకట్టింది ఎప్పుడు? ఇప్పుడు వేళ్ళు చెక్కలా ఉన్నాయా, మెత్తగా ఉన్నాయా? బొబ్బలు లేచాయా? ఇవి రాయండి.

పదాలపెట్టె:
ముందు ఒక మనవి. దీనికి మంచుకాటు అనే మాట ఉంది. ఫ్రాస్ట్‌బైట్ అని రాస్తే పెద్దవాళ్ళకి ఏం అర్థమవుతుంది? మనమే వాడకపోతే ఆ మాట నిలవదు.

చలిదుప్పటి:
రుద్దాలి. గట్టిగా. అరచేతుల్తో రుద్దితే రక్తం ఆడుతుంది. ముందు చల్లగా మంచుతో మొదలుపెట్టి నెమ్మదిగా వేడికి రావాలని విన్నాను. ఒక గుక్క బ్రాందీ కూడా పోయండి, ఒళ్ళు వెచ్చబడుతుంది.

వార్డుడ్యూటీ:
చలిదుప్పటి గారూ, మీ మంచి మనసు అర్థమైంది గానీ ఈ సలహా వేళ్ళు పోగొడుతుంది. కాలిన గాయాల వార్డులో నర్సుగా చాలా ఏళ్ళు చేశాను, ఇలాంటి కాళ్ళు అక్కడికే వస్తాయి. కణాల మధ్య ఉన్న నీరు సూదుల్లాంటి మంచుపలుకులుగా మారుతుంది. రుద్దితే ఆ పలుకులు లోపలే కోస్తాయి. మంచుతో రుద్దడమనేది 1812లో రష్యా నుంచి వెనక్కి తిరిగిన నెపోలియన్ సైన్యంలో లారే అనే సర్జన్ చెప్పిన పద్ధతి. సైనికులు గడ్డకట్టిన కాళ్ళు నిప్పుల మంట మీద పెట్టి కాల్చుకోవడం, మర్నాడు మళ్ళీ మంచులో నడవడం చూసి ఆయన అలా చెప్పాడు. మంట వద్దన్నంతవరకు ఆయన మాట సరైనదే. మంచుతో రుద్దమన్నది మాత్రం వందేళ్ళు దాటి జనాన్ని ఇబ్బంది పెట్టింది. బ్రాందీ తాగితే చర్మం వెచ్చగా అనిపిస్తుంది, అదే సమయంలో ఒంట్లో వేడి బయటికి పోతుంది.

కొండదారి గారూ, నీళ్ళ వేడి 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. థర్మామీటర్ లేకపోతే బాగున్న చేతిని ఆ నీళ్ళలో అర నిమిషం ఉంచి చూడండి, హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. తమ్ముడి కాలు పెట్టి చూడొద్దు, దానికి కాలుతున్నా తెలియదు. చల్లారుతుంటే వెచ్చని నీళ్ళు కలుపుతూ, తిప్పుతూ అరగంట దాకా ఉంచాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు. చర్మం ఎర్రగానో ఊదారంగులోనో మారి మెత్తబడాలి. అప్పుడు నొప్పి భయంకరంగా ఉంటుంది, అది చూసి బయటికి తీసేయకండి. అయితే ఇదంతా వేళ్ళు ఇంకా గడ్డకట్టి ఉంటేనే. గంటకొట్టు గారు అడిగినవి అందుకే. వాటికి జవాబివ్వండి.

పాతబూట్లు:
అసలు సంగతి ఎవరూ అడగలేదు, ఏం బూట్లు? ఇరవై ఏళ్ళుగా మంచుకొండలెక్కుతున్నాను, ఈ గాయం నూటికి తొంభైసార్లు బూట్లలోనే మొదలవుతుందని నా నమ్మకం. చలి ఎక్కువని రెండు జతల సాక్సులు వేసి అదే బూట్లలోకి కాలు దూరుస్తారు. కాలు బిగుసుకుని రక్తం కిందికి దిగదు. వేళ్ళు లోపల ఆడుతుండాలి, లేసులు పైన వదులుగా ఉండాలి, తడిసిన సాక్సు అక్కడికక్కడే మార్చాలి. చేతులకు విడివిడి వేళ్ళ గ్లౌజుల కన్నా నాలుగు వేళ్ళూ ఒకేచోట ఉండే మిటెన్లు మేలు. స్టవ్‌లో పోసేటప్పుడు పెట్రోలు చేతిమీద పడనివ్వకండి. అది ఆ చలికి గడ్డకట్టదు, గాలంత చల్లగా చర్మాన్ని అంటుకుని ఆవిరవుతూ ఇంకా వేడి లాగేస్తుంది. గాలితో కలిపి మైనస్ 28 లాగా అనిపించే చలిలో తెరిచిన చర్మం అరగంటలోపే గడ్డకట్టొచ్చు. స్పర్శ పోతే చాలామంది నొప్పి తగ్గిందనుకుని నడుస్తారు. ఆగాల్సింది అప్పుడే.

కొండదారి:
బూట్ల సంగతి తర్వాత చూద్దామండీ. అడిగారు కాబట్టి చెప్తున్నా. నిన్న సాయంత్రం గుడారంలోనే స్పర్శ పోయింది. స్టవ్ దగ్గర పెట్టి వెచ్చబెట్టాం, ఎర్రబడి మండాయి, బాగైందనుకున్నాం. పొద్దున అవే తడి బూట్లు వేసుకుని ఆరు గంటలు నడిచి దిగాం. దారిలో మళ్ళీ మొద్దుబారాయి. బొబ్బలున్నాయి, బొటనవేలి మీద ముదురు ఎరుపు, దాదాపు నలుపు. రూముకొచ్చి రెండు గంటలైంది. వేళ్ళు నొక్కితే ఇప్పుడు కొంచెం మెత్తగానే ఉన్నాయి. ఇదంతా నీళ్ళ వేడికి అవసరమా?

గంటకొట్టు:
అవసరమే. మెత్తబడ్డాయి కదా, ఇక నీళ్ళు అక్కర్లేదు. ఇప్పుడే బయల్దేరండి.

వార్డుడ్యూటీ:
అదే మాట నాదీ. గది వేడికే కరిగిపోయాయి, ఇంకా వేడి పెడితే లాభం లేదు. మీరు చెప్పినవాటిలో పొద్దున నడిచి దిగడం, దారిలో మళ్ళీ మొద్దుబారడమే అన్నిటికన్నా ముఖ్యం. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టడం మొదటిసారికన్నా చాలా చెడ్డది. మొదట కరిగినప్పుడే సన్న రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని రక్తం గడ్డలు కడుతుంది, రెండోసారి ఆ దెబ్బ మీద దెబ్బ. అందుకే మళ్ళీ చలిలో నడవాల్సి ఉంటే గడ్డకట్టిన కాలితోనే నడిచి దిగడం మేలంటారు. నీళ్ళ బొబ్బ అయితే గాయం పైపైన ఉందని ఆశ. రక్తపు బొబ్బ లోతైన గాయానికి గుర్తు.

ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి మూడు విషయాలు చెప్పండి: రెండుసార్లు గడ్డకట్టింది, రెండోసారి కరిగి ఇన్ని గంటలైంది, రక్తపు బొబ్బలున్నాయి. కరిగిన సమయం కాగితం మీద రాసి పెట్టుకోండి. రక్తం గడ్డలు కరిగించే మందు ఒకటుంది, కరిగాక 24 గంటల్లోపే ఇస్తారు. ఇలా రెండుసార్లు గడ్డకట్టిన కాలికి దాన్ని ఇవ్వడానికి చాలాచోట్ల వెనకాడతారు, కాబట్టి ఈ సంగతి దాచొద్దు. ఐలోప్రాస్ట్ అనే ఇంకో మందు 72 గంటల దాకా ఇవ్వొచ్చు, రోజూ ఆరు గంటలు రక్తంలోకి ఎక్కిస్తారు. తీవ్రమైన ఫ్రాస్ట్‌బైట్‌కి అమెరికాలో 2024లో దానికి అనుమతి వచ్చింది. మీకు దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో ఆ ఫోన్‌లోనే అడగండి.

బొబ్బలు చిదపొద్దు. వేళ్ళ మధ్య పొడి దూది పెట్టి వదులుగా కట్టండి. నేలమీద అడుగు పెట్టనివ్వకండి, మోసుకెళ్ళండి. సిగరెట్ అస్సలు వద్దు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, రక్తం పలచబడే మందులు ఏవీ లేకపోతే ఐబుప్రోఫెన్ ఇవ్వొచ్చు. టెటనస్ సూది సంగతి అక్కడ అడగండి. తమ్ముడికి షుగర్ ఉందా?

పదాలపెట్టె:
మంచుకాటు అన్నా బాగుండేది, పైన అందరూ మళ్ళీ ఫ్రాస్ట్‌బైటే.

పాతబూట్లు:
కాటు అంటే పాముకాటులా విషం దింపాలనుకుంటారండీ. పైగా తడి కాళ్ళు రోజుల తరబడి చలిలో నాని ఉబ్బడాన్నీ, చలికి వేళ్ళు దురదపెట్టి ఎర్రబడడాన్నీ కూడా జనం మంచుకాటు అనే అంటున్నారు. ఆ రెండింటిలో చర్మం గడ్డకట్టదు. సున్నా పైన కూడా వస్తాయి. మాట కలిస్తే వైద్యమూ కలిసిపోతుంది.

పదాలపెట్టె:
అయితే మూడింటికీ మూడు పేర్లు పెట్టుకోవాలి, మాట మానేయడం కాదు. గడ్డకట్టినదానికే మంచుకాటు అని నిర్ణయించుకుంటే ఏం పోయింది?

చలిదుప్పటి:
రుద్దమని చెప్పినందుకు క్షమించండి. నాకు నిజంగా తెలియదు. ఒక్క సందేహం, వేలు నల్లబడితే వెంటనే తీసేస్తారా?

వార్డుడ్యూటీ:
తీసేయరు. ఏ భాగం బతికిందో, ఏది పోయిందో గీత పడడానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. జనవరిలో గడ్డకడితే జూలైలో కోత అని సర్జన్లలో పాత మాటే ఉంది. మొదటి వారం చూసి పోయిందనుకున్న వేళ్ళు నిలబడడం నా కళ్ళతో చూశాను. చీము, ఒళ్ళంతా జ్వరం ఉంటే వేరే మాట, అప్పుడు ఆగరు.

కొండదారి:
బండి దొరికింది, వెళ్తున్నాం. షుగర్ లేదు. ఎక్కించేటప్పుడు ఒక బొబ్బ పగిలింది, శుభ్రమైన గుడ్డ కప్పాను. థాంక్సండీ అందరికీ.

గంటకొట్టు:
కరిగిన టైమ్ రాసుకున్నారా?

వార్డుడ్యూటీ:
పగిలినదాని పై పొర పీకొద్దు, అలాగే ఉంచండి. ఫోన్ చేశారా ఆసుపత్రికి?

పొగమంచు:
నా ప్రశ్న కూడా ఇక్కడే అడుగుతున్నాను. గాలిలో బండి నడిపి వచ్చాను, చెవి తమ్మె తెల్లగా ఉంది. ఇప్పుడు ఏం చేయాలి?

గంటకొట్టు:
గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? ఎంతసేపైంది?